పావు అంగుళం

వాడికీ నాకూ మధ్య ఇంకా పదమూడు మంది ఉన్నారు. పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టాం. ఇంటిపేర్ల వరసలో పిలుస్తుంటే కొండల్లాంటి కుర్రాళ్ళు ఒంటిమీద నిక్కరు తప్ప ఏమీ లేకుండా ఒక్కొక్కరే వేదిక ఎక్కుతున్నారు. హాల్లో చలికి వాళ్ళ చేతులమీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కింద కుర్చీల్లో మూడొందల మంది మగవాళ్ళు, ముప్పై రెండు జట్ల టోపీలు, మోకాళ్ళమీద కాగితాలు, కుర్చీల కింద కాఫీ కప్పులు, సాసేజీ బన్నుల వాసన. ఒకడు ఎత్తు చూస్తాడు, ఒకడు బరువు చూస్తాడు, తరవాత నా దగ్గరికి వస్తారు, నేను చెయ్యి కొలుస్తాను, నా పక్కన మైకు పట్టుకున్న లోర్నా ఆ అంకె చదువుతుంది, మూడొందల కలాలు ఒక్కసారి గీకుతాయి. మొబైల్ అనే ఈ ఊళ్ళో ప్రతి జనవరిలోనూ, అమెరికా ఫుట్‌బాల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని రౌండ్ల వారీగా ఏరుకునేముందు, జరిగే తంతే ఇది. మా అమ్మమ్మ ఒకసారి టీవీలో ఇది చూసి చానెల్ మార్చమంది. ఆవిడ తాతల్ని బానిసల సంతలో ఇలాగే నిలబెట్టి కొలిచేవాళ్ళు. రెండో వరసలో మూడో కుర్చీలో క్లైడ్ హాల్‌స్టెడ్ కూర్చున్నాడు, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, జుట్టంతా తెల్లబడింది. ఇప్పుడతను ఒక జట్టుకి పెద్ద తలకాయ, ఎవణ్ణి తీసుకోవాలో ఎవణ్ణి పంపించాలో తేల్చేది అతనే. ఈ వరసలో పద్నాలుగోవాడు అతని కొడుకు, పేరు వెస్. ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే ఊళ్ళో నా చెయ్యి కొలిచినవాడు క్లైడ్ హాల్‌స్టెడ్. ఇవాళ టేపు నా చేతిలో ఉంది.

భుజం చివర ఎముక ఉంటుంది కదా, దాని అంచు మీద నా బొటనవేలితో టేపు మొదలు నొక్కిపెట్టి, మధ్యవేలి కొస దాకా లాగాలి. అంతే పని. గుడ్డలు కుట్టేవాడు కూడా చేస్తాడు. కాని ఎదురుగా నిలబడ్డ కుర్రాడి జీవితం ముప్పై మూడు అంగుళాల గీతకి అటుంటుందో ఇటుంటుందో తేలేది ఇక్కడే. ఆ గీత ఎవరు గీశారో ఎవరికీ తెలియదు, అందరూ దానికి దణ్ణం పెడతారు. జట్టు కట్టేవాడికి యాభై ముగ్గురు కావాలి. ముందు బంతి విసిరేవాణ్ణి వెతుక్కుంటాడు, వాడు దేవుడు. దేవుడు కుడిచేత్తో విసురుతాడు కాబట్టి ఎడమవైపు నుంచి వచ్చేవాణ్ణి చూడలేడు, అందుకని ఆ చివర నిలబడి కాపలా కాసేవాడు కావాలి, వాడే ఎడమ టాకిల్. ఆ తరవాత అవతలి జట్టు దేవుణ్ణి పడగొట్టే వేటగాడు. ఆ ముగ్గురికీ పీటలు వేశాక మిగతావాళ్ళకి ఉన్నదాంట్లో సర్దుతారు. టాకిల్ పక్కనే లోపల ఒకడుంటాడు, గార్డు, వాడూ అదే బరువు, అదే చెమట. కాని వాణ్ణి ఏ అయిదో రౌండులోనో ఏరుకోవచ్చు, పోతే ఇంకొకడు దొరుకుతాడు. ఇద్దరికీ మధ్య దూరం ఒక అడుగు. చెయ్యి పొడుగుంటే చివర నిలబడతావు, పొట్టిదైతే లోపలికి జరుగుతావు. పరిగెత్తుకొచ్చే వేటగాడి రొమ్ము మీద ముందు ఎవరి చెయ్యి పడితే వాడిదే గెలుపు అంటారు. నేను కాలేజీలో ఉన్న మూడేళ్ళూ నన్ను దాటి ఒక్కడు కూడా వెళ్ళలేదు, నా చెయ్యి ఎవరి రొమ్ము మీద ఎప్పుడు పడిందో వాళ్ళనే అడగాలి. అది ఎవడిక్కావాలి, అంకె కావాలి.

లోర్నా ఎవరిదో చదివింది, ముప్పై నాలుగున్నర. కింద ఎవరో ఈల వేశారు. వాడి మొహం వెలిగింది, వాళ్ళమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తాడు. ఇంకా తొమ్మిది మంది. నాకు ముప్పై మూడున్నర అని మా కోచ్ బర్డెట్ రాశాడు, మా కాలేజీ అచ్చువేసిన పుస్తకంలో నా బొమ్మ కింద ఉంది ఆ అంకె. మాది ఒపలూసాస్ దగ్గర చిన్న కాలేజీ, అక్కణ్ణించి ఎవరూ పెద్ద ఆటకి పోలేదు. కోచ్ నన్ను తన ట్రక్కులో ఎక్కించుకుని మొబైల్‌కి తీసుకొచ్చాడు. దారిపొడవునా తన భోజనం డబ్బాలోంచి నాకు తినిపిస్తూ ఒరే ఓటిస్ నువ్వు మొదటి రౌండులో పోతావురా అంటూనే ఉన్నాడు. నేను వేదిక ఎక్కాను. హాల్‌స్టెడ్ అప్పుడు ముప్పై ఏళ్ళవాడు, టేపు నా భుజం మీద పెట్టి లాగాడు, అంకె చూశాడు, చదివేవాడికి చెప్పలేదు. భుజం కిందికి దించు అన్నాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ చెప్పలేదు. మూడోసారి లాగాడు. అందరికీ ఒక్కసారి కొలిచినవాడు నాకు మూడుసార్లు కొలిచాడు, మొదటిసారి వచ్చిన అంకె వాడి జట్టుకి నచ్చలేదేమో, నచ్చేదాకా కొలిచాడు. వెనక వరసలో ఎవడో నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ ఏ మూల నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించగలను. ముప్పై రెండుంబావు అని చదివారు. తరవాత ఎవరు అన్నాడు హాల్‌స్టెడ్, నా మొహం కూడా చూడకుండా.

అంగుళంబావు ఎగిరిపోయింది, ఒక్క ట్రక్కు ప్రయాణంలో. నేను వేదిక దిగగానే కోచ్ వచ్చి నా మెడ చుట్టూ చెయ్యి వేసి, వాళ్ళు దొంగలురా, చిన్న కాలేజీ వాడివని అలా చేశారు, నీ చెయ్యి ఎంతో నాకు తెలుసు అన్నాడు. అంతే, ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను. అయిదో రౌండులో గార్డుగా తీసుకున్నారు. లోపల నిలబడేవాడి మోకాళ్ళ మీదే అందరూ వచ్చి పడతారు. ముందువాడు, వెనకవాడు, సొంత జట్టువాడు, చివరికి బంతి పట్టుకున్నవాడు కూడా. మూడో ఏడు అక్టోబరులో నా కుడి మోకాలి మీద ఇద్దరు పడ్డారు, ఆ చప్పుడు నాకు వినపడింది. మంగళవారం పొద్దున్న ఒకాయన వచ్చి, నీ ఎత్తుల పుస్తకం తీసుకుని పైకి రా, పెద్దాయన పిలుస్తున్నారు అన్నాడు. ఆటగాళ్ళకి ఆ మాట అర్థం తెలుసు, జట్టులోంచి తీసేశారని. ఆ రోజు ఎడమ టాకిల్‌గా ఉన్నవాడు నాకంటే నెమ్మది, నాకంటే సోమరి, పదకొండేళ్ళు ఆడాడు. వాడి చెయ్యి ముప్పై మూడుంబావు. నాలుగేళ్ళ కిందట కోచ్ బర్డెట్ పోతే శవపెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి, ఈ కుంటి మోకాలితో చర్చి మెట్లు దిగుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నా చెయ్యి ఎంతో నమ్మిన ఒకే ఒక్క మనిషి ఆయన అని అక్కడ నలుగురిలో చెప్పాను కూడా.

ఎనిమిది, ఏడు. భుజం దించు నాన్నా, మోచెయ్యి బిగించు, వేళ్ళు చాపు, ఊపిరి వదులు, ఇంకొంచెం, అదీ. ప్రతివాడికీ చెబుతాను ఇది. భుజం వదులు చేస్తే కొసరు వస్తుంది, అది దొంగతనం కాదు, వాడి ఎముకలో ఉన్నదే. పందొమ్మిదేళ్ళుగా టేపు పట్టుకున్నాను, ఒక్క అంకె కూడా వెనక్కి తీసుకోలేదు. ఓటిస్ గిలరీ చెబితే మళ్ళీ కొలవక్కర్లేదు అంటారు ముప్పై రెండు జట్లవాళ్ళూ. మోకాలు పోయినవాడికి ఇంకేం మిగిలింది, ఈ బొటనవేలూ ఈ పేరూ. కాలేజీల పుస్తకాల్లో ఉన్న అంకెలు నేను నమ్మను, ఎవరూ నమ్మరు. ఏ కోచ్ అయినా తన పిల్లవాడికి అంగుళం తగిలించే పంపిస్తాడు, చూడగానే మనసులో ఒక అంగుళం కొట్టేస్తాను, అదొక అలవాటు. పందొమ్మిదేళ్ళలో వేల చేతులు కొలిచాను, నా చెయ్యి మాత్రం కొలిపించుకోలేదు. ఎవరి చెయ్యి వాళ్ళు కొలుచుకోలేరు, పక్కవాడు పట్టాలి. లోర్నాని అడిగితే పట్టేది, అవసరం ఏముంది, నాకు తెలుసుగా. కొట్లో కొన్న ఏ చొక్కా చెయ్యి అయినా నా మణికట్టుకి నాలుగు వేళ్ళు పైనే ఆగిపోతుంది, ఇంకేం రుజువు కావాలి.

హాల్‌స్టెడ్ ప్రతి ఏడూ ఇక్కడికి వస్తాడు, ప్రతి ఏడూ నన్ను చూసి గడ్డం అరంగుళం ఊపుతాడు, ఒక్కసారి కూడా పేరు పెట్టి పలకరించలేదు. నేను ఎవరినో మర్చిపోయాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. కక్షగట్టి చేసినా బాగుండేది, కనీసం నేను గుర్తుండేవాణ్ణి. దోమని కొట్టి చెయ్యి దులుపుకున్నట్టు చేశాడు. అతనికి కొడుకు పుట్టాడని పేపర్లో చదివాను, ఆ కొడుకు ఆడుతున్నాడని చదివాను, ఎడమ టాకిల్ అని చదివినప్పుడు వంటింట్లో నిలబడి గట్టిగా నవ్వాను, మా ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది. వాణ్ణి కిందటి అక్టోబరులో చూడ్డానికి వెళ్ళాను, ఆట బాగుంది, పాదాలు బాగున్నాయి, చెయ్యి మాత్రం గీత మీద ఉంది. అటు కాదు ఇటు కాదు, సరిగ్గా ముప్పై మూడు ఉండొచ్చు అని నా కన్ను చెప్పింది. నా కన్ను తప్పు చెప్పదు. అప్పుడే అనుకున్నాను, పావు అంగుళం చాలు. బొటనవేలు ఎముక అంచు మీద కాకుండా కొంచెం చేతివైపు కిందికి దిగితే చాలు, టేపు మొదలు కిందికి దిగుతుంది, కొస దగ్గర పావు తగ్గుతుంది. భుజాలు దించమని చెప్పకపోతే ఇంకా తేలిక. కెమెరాలో కనపడదు, దేవుడికి కూడా వంగి చూస్తే తప్ప కనపడదు. ముప్పై రెండు ముప్పావు. వాడూ లోపలికి జరుగుతాడు. వాడి మోకాళ్ళ మీదా పడతారు. అప్పుడు హాల్‌స్టెడ్ ఒక రాత్రి లేచి కూర్చుని ఆ పావు గురించి ఆలోచిస్తాడు, ఇరవై ఏడేళ్ళు ఆలోచిస్తాడు. నాకు కావలసింది అంతే, ఎక్కువ అడగడం లేదు.

మూడు. రెండు. ఒకడి చెమట నా మణికట్టు మీద పడింది, తుడుచుకోలేదు. కుర్రాడు తప్పేం చేశాడు అని లోపల ఎవరో గొణుగుతున్నారు, అది మా ఆవిడ గొంతు, నేను విననట్టు ఉన్నాను. నేను మాత్రం ఏం తప్పు చేశాను, అప్పుడు నాకూ ఇరవై రెండేళ్ళే, నాకూ వేదిక దిగితే ఒక అమ్మ ఉంది. వెస్ హాల్‌స్టెడ్ అని పిలిచారు. వాడు వచ్చాడు, ఎర్రటి జుట్టు, తండ్రి గడ్డమే, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. గుడ్ మార్నింగ్ సార్ అన్నాడు, ఇవాళ ఆ మాట అన్న మొదటివాడు. నేను టేపు విప్పాను. చెయ్యి చాపాడు. రెండో వరస వైపు చూశాను, హాల్‌స్టెడ్ కలం ఎత్తి పట్టుకుని ఉన్నాడు. భుజం దించు అని నేను అనలేదు. బొటనవేలు ఎముక అంచు మీద పెట్టి, తెలిసీ తెలిసీ, కిందికి జార్చాను. టేపు లాగాను, లోర్నాకి చెప్పాను. ముప్పై రెండు ముప్పావు అని మైకులో వినపడింది, కలాలు గీకాయి, వెనకెక్కడో ఎవరో అయ్యో అన్నారు. అయిపోయింది. ఇరవై ఏడేళ్ళు మోసింది నాలుగు సెకన్లలో దింపేశాను. దింపితే తేలికపడతాననుకున్నాను, నోట్లో రాగిబిళ్ళ పెట్టుకున్నట్టు ఉంది.

చెయ్యి తరవాత అరచెయ్యి కొలవాలి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. వాడు బల్ల మీద అరచెయ్యి పరిచాడు. మాట మెల్లిగా అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

"తక్కువొచ్చిందే సార్. పోన్లెండి, మీరు కొలిచారంటే అదే లెక్క. నాన్న ముందే చెప్పాడు, అక్కడ టేపు పట్టుకునేది ఓటిస్ గిలరీ, ఆయనేం చెబితే అది తీసుకో, నోరు మెదపకు అని."

నా పేరు. ఓటిస్ గిలరీ. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా. చిటికెన వేలి దగ్గర నా టేపు ఆగింది. మీ నాన్నకి నేను తెలుసా అన్నాను.

"తెలియకపోవడమేంటి సార్. ఇంట్లో ఆ కథ వంద సార్లు చెప్పాడు. తను చూసినవాళ్ళలో బెస్ట్ టాకిల్ మీరేనంట. చెయ్యి కురచొచ్చిందని నమ్మలేక మూడుసార్లు కొలిచాడంట, ఒక్క ముప్పావైనా పెరుగుద్దేమోనని. పెరగలేదని మీ మొహం చూళ్ళేకపోయాడంట. ఇప్పటికీ మీతో మాట్లాడాలంటే సిగ్గేస్తదంటాడు."

అబద్ధం. అబద్ధమే అయి ఉండాలి, తండ్రులు కొడుకుల దగ్గర మంచివాళ్ళలా కనపడాలనుకుంటారు. మూడుసార్లు. భుజం దించు అన్నాడు. ఊపిరి వదులు అన్నాడు, అవును, అదీ అన్నాడు, ఆ మాట ఇన్నేళ్ళూ ఎక్కడ పెట్టాను. నా భుజాన్ని అరచేత్తో కిందికి నొక్కాడు, గట్టిగా కాదు, నేను ఈ పిల్లలకి నొక్కినట్టే. ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నాను మరి, ఎవరూ నేర్పలేదు, ఒకే ఒక్కసారి ఒకడు నాకు చేశాడు. వెనక వరసలో నవ్వినవాణ్ణి గుర్తుపెట్టుకున్నాను, భుజం మీద చేతిని మర్చిపోయాను. వెస్ మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, తరవాతివాడు వచ్చి నా ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఇప్పుడు ఆపితే నా పేరు పోతుంది. గిలరీ కూడా పొరపాటు పడతాడన్నమాట అంటారు, రేపటి నుంచి ప్రతి జట్టూ మళ్ళీ కొలుచుకుంటుంది, మళ్ళీ కొలుచుకునే చోట నాకేం పని. ఆపకపోతే ఒక గార్డు తయారవుతాడు, మోకాలు చప్పుడయ్యేదాకా. ఆగు వెస్, వెనక్కి రా అన్నాను. కింద అందరూ తలలెత్తి చూశారు. లోర్నా మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, ఏంటి ఓటిస్, ఒంట్లో బాగాలేదా అంది. భుజం దించు, ఊపిరి వదులు, అదీ. ఎముక అంచు మీద, సరిగ్గా అంచు మీద. దిద్దుబాటు అని చదవమన్నాను, పొరపాటు నాది అని కూడా చదవమన్నాను. ముప్పై మూడు. మూడొందల కలాలు కొట్టేసి మళ్ళీ రాశాయి, ఆ చప్పుడు మామూలు చప్పుడు కాదు. రెండో వరసలో మూడో కుర్చీ మనిషి మాత్రం కొట్టెయ్యలేదు, ముందు అతను ఏమీ రాసుకోలేదు, ఇప్పుడే వంగి రాసుకున్నాడు.

వరస పూర్తయ్యేసరికి ఎనిమిది దాటింది. జనం బన్నుల కోసం బయటికి పోతుంటే హాల్‌స్టెడ్ వేదిక మెట్లెక్కి వచ్చాడు, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ. నా ఎదురుగా నిలబడి నా బొటనవేలి వైపు చూశాడు.

"నువ్వు పొరపాటు పడే మనిషివి కాదు ఓటిస్."

"కాదు" అన్నాను.

అతను తల ఊపాడు, ఈసారి అరంగుళం కాదు, పూర్తిగా. కోప్పడితే బాగుండేదనిపించింది, నాకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఏం చేస్తున్నానో తెలియకుండానే కోటు విప్పి బల్ల మీద పెట్టాను, చొక్కా చేతులు పైకి మడిచాను, టేపు అతనికిచ్చి చెయ్యి చాపాను. అతను కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ఆ ముసలి బొటనవేలు నా భుజం ఎముక అంచు వెతుక్కుంది, సరిగ్గా పట్టుకుంది, నేనైనా అంత సరిగ్గా పట్టలేను. ముప్పై రెండుంబావు అన్నాడు. మళ్ళీ కొలువు అన్నాను. భుజం దించు ఓటిస్ అని అరచేత్తో నొక్కాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ అదే. ఇంకొక్కసారి చూడు అన్నాను. ఊపిరంతా వదిలేశాను, వేళ్ళు నొప్పి పుట్టేలా చాపాను, యాభైకి దగ్గరపడ్డవాణ్ణి, ఒక్క ముప్పావు కోసం. మూడోసారి అతను అంకె చెప్పలేదు, టేపు నాకు చూపించాడు. నేనే చదువుకున్నాను, అదే అంకె.

నా భుజాలు వెడల్పు. అందుకే చొక్కా చేతులు చాలవు, గుడ్డంతా వెడల్పుకే పోతుంది, వంద మంది పిల్లలకి నేనే చెప్పాను ఈ సంగతి. కాలేజీవాడు రాసిన అంకెలో అంగుళం కొట్టెయ్యాలి, అదీ నాకు తెలుసు, పందొమ్మిదేళ్ళుగా అందరి అంకెలూ కొట్టేశాను, ఒక్క నా బొమ్మ కింద అంకెని తప్ప. నీ చెయ్యి ఎంతో నాకు తెలుసు అన్నాడు కోచ్ ఆ రోజు. అవును, ఆయనకి తెలుసు. టేపు పట్టుకుని కొలిచి, తెలిసి, అంగుళంబావు ఎక్కించి అచ్చు వేయించాడు. తరవాత నా మెడ చుట్టూ చెయ్యి వేసి దొంగలు వాళ్ళురా అన్నాడు. ఒక్కసారి నిజం చెప్పి ఉంటే రెండో ఏడు నుంచే గార్డు పని నేర్చుకునేవాణ్ణి, మోకాళ్ళు ఎలా కాచుకోవాలో నేర్చుకునేవాణ్ణి. ఈ మనిషిని ఇరవై ఏడేళ్ళు తిట్టుకోకుండా నా పిల్లలతో కూర్చుని అన్నం తినేవాణ్ణి. హాల్‌స్టెడ్ టేపు జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టాడు, కాఫీ తాగుదామా అన్నాడు. నువ్వు పద, వస్తాను అన్నాను. చాపిన చెయ్యి ఇంకా దించలేదని అప్పుడు చూసుకున్నాను. ఎడమ చెయ్యి. కోచ్ పెట్టె మోసిన రోజు ముందు పిడి పట్టుకున్నది దీంతోనే, మెట్ల మీద జారబోతే ఆయన కింద పడకూడదని ప్రాణం పెట్టి పట్టుకున్నాను.